చేతికి తాళం

నమోదు 1

శతాబ్ది వ్యాసాన్ని వారసత్వ మండలి మళ్లీ తిప్పి పంపింది. ఈసారి అభ్యంతరం, విశేషణాలు చాలలేదని. మొదటి కెనడియన్ అంతరిక్షంలోకి వెళ్లి నూరేళ్లయిన సందర్భంలో "మహోజ్జ్వల" అన్న మాట ఒక్కచోట కూడా లేకపోవడం బాధ కలిగించిందని భూమి మీద కూర్చున్న వాళ్లెవరో రాశారు.

నేను రాసింది ఇది. 1984లో మార్క్ గార్నో అమెరికా అంతరిక్ష షటిల్ ఎక్కి వెళ్లారు. 1992లో రాబర్టా బోండర్ వెళ్లారు. ఆమె నాడీ వైద్యురాలు. బరువు తెలియని చోట మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో చూసే పరీక్షలు చేశారు. 2001లో క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్ షటిల్ బయటికి వచ్చి, అప్పటి అంతరిక్ష కేంద్రానికి కెనడాలో తయారైన యంత్రపు చేతిని బిగించే పని చేశారు. తర్వాతి కాలంలో ఆ చెయ్యి, ఎదురొచ్చిన సరుకు నౌకలను పట్టుకుని కేంద్రానికి తగిలించింది. జరిగినవి ఇవి. ముందొక పెద్ద మాట తగిలించినంత మాత్రాన ఇవి పెరగవు, తీసేస్తే తరగవు.

ఇలాగే జవాబు రాశాను. పంపలేదు. నా వార్తా సంస్థ ఈ ప్రయాణం ఖర్చులో సగం మండలి దగ్గర తీసుకుంది.

నేనుంటున్నది కూడలిలో. చంద్రుడి చుట్టూ తిరిగే కేంద్రానికి ఆ పేరు పెట్టారు. ఇక్కడ విలేకరికి కూడా పని వంతు ఉంటుంది. ఈ వారం గాలి జల్లెడల్లో దుమ్ము తుడవడం నాది. జల్లెడల్లో జుట్టు, గోళ్లు, ఎవరిదో చొక్కా గుండీ దొరికాయి. తడి గుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే స్నానం. ఆ గుడ్డ తడపడానికి కూడా ఇప్పుడు రేషను. చంద్రుడి మీద మంచు గని నుంచి నీళ్ల బండి రావాలి. వచ్చినప్పుడు కూడలికున్న యంత్రపు చెయ్యి దాన్ని పట్టుకోవాలి. ఈ చెయ్యి కూడా కెనడాలో చేసిందే. వాడకంలో ఉన్నవాటిలో ఇదే పాతది.

నమోదు 2

చేతికి తాళం వేశారు.

వేసింది కూడలి నిర్వాహకుడు వేమూరి శశిధర్. వేయమన్నది మండలి. కారణం, ఆ చెయ్యి ఇకమీదట వారసత్వ వస్తువు. మంత్రిగారు వచ్చి ఆవిష్కరించేదాకా దాన్ని కదపకూడదు. ఆవిష్కరించాక మళ్లీ వాడుకోవచ్చునా అని అడిగాను. ఆ విషయం మండలి తర్వాతి సమావేశంలో చర్చకు వస్తుందని చెప్పారు. దీని బదులు కొత్త చెయ్యి వచ్చిందా అని అడిగాను. కొత్తది ఇంకా కాగితం మీదే ఉందన్నారు.

ఈ సంగతి నాకు ముందుగా చెప్పింది బొడ్డేపల్లి నీలవేణి. చేతిని నడిపేది ఆమే. ఊరు పలాస దగ్గర. ఆమెతో జంటగా పనిచేసేది డాక్టర్ ఆగ్నెస్ ట్రెంబ్లే. కెనడాలో క్యూబెక్ నుంచి వచ్చారు. కూడలికి వైద్యం చేస్తారు, చెయ్యి కదిలేటప్పుడు కిటికీ దగ్గరుండి దారి చెబుతారు. ఏళ్ల తరబడి నీలవేణి పక్కన కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. కాబట్టి క్యూబెక్ డాక్టరు శ్రీకాకుళం తెలుగు మాట్లాడతారు. మొదటిసారి విన్నప్పుడు నా చెవిలో అనువాద యంత్రం చెడిపోయిందనుకున్నాను. చెవిలో యంత్రమే లేదు.

వ్యాసం కోసం ఆమెను ఒక ప్రశ్న అడిగి ఉన్నాను, మనుషులను పంపే రాకెట్టు సొంతంగా లేని దేశం అంతరిక్షంలో ఇంత పని ఎలా చేసిందని. ఆమె చెప్పిన జవాబు మండలికి పంపితే కొట్టేశారు. ఇక్కడ రాసి పెడుతున్నాను.

"మాకు రాకెట్టు నేదు బాబూ. పక్కోలి బండిలో ఎల్లాలి. ఊరికే ఎక్కించుకుంటారేటి? ఏదో పనికొచ్చేది అట్టుకెళ్లాలి గదా. సెయ్యి అట్టుకెళ్లినాం. డాట్రు సదువులు అట్టుకెళ్లినాం."

తాళంతో వ్యవహారం ఆగలేదు. గోడల మీద పాకే మరమ్మతు రోబో చేత చెయ్యి మణికట్టుకు, మోచేతికి కెనడా జెండా మీదుండే ఎర్రటి మేపుల్ ఆకు ముద్రలు పెద్దవి అంటించారు. అంటించిన చోట్ల నల్ల చుక్కలుండేవి. తెల్లటి చెయ్యి మీద ఆ చుక్కలు ఫొటోలో మరకల్లా కనిపిస్తున్నాయని మండలికి ఎవరో చెప్పారట. యంత్రపు కెమెరా ఆ చుక్కలను బట్టే చెయ్యి ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది. చుక్కలు కనబడకపోతే తనంతట తాను ఏదీ పట్టుకోదు.

నీలవేణి శశిధర్ దగ్గరికి వెళ్లి ముద్రలు పీకించమంది. జిగురు నూరేళ్లు నిలిచే రకమని ఆయన చెప్పారు. ఆ మాట ఆయన కొంచెం గర్వంగానే చెప్పినట్టు నీలవేణి అంటోంది. నేను అక్కడ లేను కాబట్టి గర్వం సంగతి ధ్రువీకరించలేను.

నమోదు 3

నీళ్ల బండి వచ్చేసింది.

రాకూడదు. ఆవిష్కరణ అయ్యేదాకా బండి పంపవద్దని గనికి చెప్పి ఉండాల్సింది. ఆ పని మండలి చేస్తుందని శశిధర్ అనుకున్నారు. శశిధర్ చేస్తారని మండలి అనుకుంది. ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలన్నీ నాకు చూపించారు. అన్నిటిలోనూ మంత్రిగారి బసకు సంబంధించిన వివరాలున్నాయి. గని ప్రస్తావన ఒక్కదానిలోనూ లేదు.

బండి ఇప్పుడు కూడలికి ఎదురుగా, కిటికీలోంచి కనబడేంత దూరంలో నిలబడి ఉంది. పెద్ద ట్యాంకు, దాని ముక్కు మీద ఒక మనిషి పట్టే గది. అందులో ఉన్నది దాలినాయుడు, నీలవేణి తమ్ముడు. బండి తనంతట తాను కూడలికి అతుక్కోలేదు. దాని పొట్ట మీద ఒక పిడి ఉంటుంది. చెయ్యి ఆ పిడి పట్టుకుని లాగి తలుపుకు తగిలించాలి. వెనక్కి చంద్రుడి మీదికి దిగిపోవాలంటే ఇంధనం ఇక్కడే నింపుకోవాలి. బయట నడిచే సూటు బండిలో ఉండదు. కూడలిలో మరో బండి లేదు. మంత్రిగారి ఓడ ఇంకా దారిలోనే ఉంది.

శశిధర్ రేడియోలో దాలినాయుడితో చాలా మర్యాదగా మాట్లాడారు. ఎల్లుండి మంత్రిగారు ఆవిష్కరించాక మొదటగా పట్టుకునేది మీ బండినే, చరిత్రలో మీ పేరుంటుంది అన్నారు.

"పేరు సంగతి తరవాత సూద్దాం," అన్నాడు దాలినాయుడు. "ముందు కాఫీ ఏటైనా ఇస్తారా? నాకాడున్నయి నీళ్లే. ఎన్ని కావాలన్నా ఉన్నయి."

నీలవేణి నవ్వలేదు. గదిలో గాలి ఎలా ఉందిరా అని అడిగింది. బాగానే ఉందన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. కొంచెం తలనొప్పిగా ఉంది, నిద్ర చాలక అయ్యుంటుందన్నాడు.

ఆగ్నెస్ ఆ మాట విని, రేడియో అందుకుని, గోడ మీద గాలి శుభ్రం చేసే పెట్టె తాలూకు అంకె చదవమన్నారు. చదివాడు. ఆమె శశిధర్ వైపు తిరిగి, ఎల్లుండిదాకా ఆగడం కుదరదన్నారు.

నమోదు 4

వివరం. మనిషి వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. దాన్ని పీల్చే పెట్టె బండిలో సగమే పనిచేస్తోంది. ఇంత దూరపు ప్రయాణానికి సగం సరిపోతుంది, వెంటనే తలుపు తెరుచుకుంటే. ఎదురుగా నిలబెట్టి ఉంచితే సరిపోదు. వాయువు పెరిగే కొద్దీ తలనొప్పి, తర్వాత మత్తు, తర్వాత స్పృహ ఉండదు. రేపు ఉదయం పలహారం వేళకి అతను లేవడని ఆగ్నెస్ చెప్పారు. డాక్టరుగా చెబుతున్నారా అని అడిగాను. అవునన్నారు. రాసుకున్నాను.

శశిధర్ మండలికి కబురు పంపారు. జవాబు వెంటనే వచ్చింది, అది ఒప్పుకోవాలి. వారసత్వ వస్తువును కదపడానికి దరఖాస్తు నమూనా జతచేశారు. నింపి పంపారు. నమూనా పాతదని, కొత్తది వాడమని తిరిగొచ్చింది. కొత్తది నింపారు. దానిలో "వస్తువును కదపవలసిన సాంస్కృతిక కారణం" అన్న గడి ఖాళీగా ఉందని తిరిగొచ్చింది. శశిధర్ ఆ గడిలో "మనిషి చనిపోతాడు" అని రాశారు. అది భద్రతా విభాగానికి సంబంధించిన కారణమనీ, సాంస్కృతిక కారణం విడిగా చూపాలనీ జవాబు.

నేను ముప్పై ఏళ్లుగా ప్రభుత్వ కార్యాలయాల వార్తలు రాస్తున్నాను. కోపం తెచ్చుకోవడం చాలాకాలం క్రితం మానేశాను. ఇవాళ గాలి జల్లెడ తుడిచే గుడ్డను గోడకేసి కొట్టాను. బరువు లేదు కాబట్టి అది తిరిగి వచ్చి నా ముఖానికే తగిలింది.

దాలినాయుడు ఇప్పుడు అడిగితేనే మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం వాళ్లక్కతో, చిన్నప్పుడు జీడితోటలో దొంగతనానికి వెళ్లి దొరికిపోయిన సంగతి రెండుసార్లు చెప్పాడు. రెండోసారి చెబుతున్నట్టు అతనికి తెలియలేదు. నీలవేణి రెండుసార్లూ విన్నది.

నమోదు 5

శశిధర్ గదికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. మూడుసార్లు బదిలీ అయిన వాడు. ఎదుటి గోడ మీద ఆవిష్కరణ కార్యక్రమం అంచెలవారీగా అతికించి ఉంది. పూలగుత్తి ఎవరిస్తారో కూడా అందులో ఉంది.

మండలి అనుమతి లేకుండా తాళం తీయలేనని మొదలుపెట్టారు.

"తీయలేరా, తీయకూడదా?"

"తీయగలను సార్. అత్యవసరమని నేను సంతకం పెట్టి తీయొచ్చు. తర్వాత జవాబు నేనే చెప్పుకోవాలి."

"సరే. నాకు ఒక్క వివరం కావాలి. ఇది వార్త అవుతుంది. చెయ్యి కదపవద్దన్నది ఎవరని రాయాలి?"

"మండలి అని రాయండి."

"మండలి మనిషి పేరు కాదు శశిధర్ గారూ. బండి ఎదురుగా ఉంది. చెయ్యి ఇక్కడ ఉంది. తాళం మీ దగ్గర ఉంది. పేరు చెప్పండి, ఇంటిపేరుతో సహా."

"నన్ను బెదిరిస్తున్నారా?"

బెదిరించడం లేదని చెప్పాను. పేరు తప్పు పడితే మర్నాడు దిద్దుబాటు వేసుకోవాలి, అందుకని అడుగుతున్నానన్నాను. అది నిజమే. ప్రతి వార్తకూ అడిగే ప్రశ్నే అది. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి అడగనిది నేనే. ఉత్తరాలు చదువుతూ, నమూనాలు చూస్తూ కూర్చున్నాను.

ఆయన కిటికీలోంచి బండి వైపు చూశారు. "తీసినా నా పేరే రాస్తారుగా?"

"తీసినా మీ పేరే రాస్తాను."

ఆయన గోడ మీది కార్యక్రమం పక్కనున్న తాళం పలక దగ్గరికి వెళ్లి బొటనవేలు పెట్టారు. చేతికి తాళం తీసినట్టు కూడలి అంతా వినిపించేలా ప్రకటన వచ్చింది. "వేమూరి శశిధర్," అన్నారు నా వైపు తిరగకుండానే. "వేమూరిలో దీర్ఘం ఉంటుంది, మర్చిపోకండి."

నమోదు 6

తాళం తీయగానే అయిపోయిందనుకున్నాను. అవలేదు. చెయ్యి లేచింది, మణికట్టు తిప్పింది, ఆగింది. చుక్కలు కనబడటం లేదని యంత్రం చెప్పింది. ఎర్రటి ఆకులు రెండూ ఎండలో మెరుస్తున్నాయి. ఫొటోలో బాగా వస్తాయి, అందులో సందేహం లేదు.

ఇక చేత్తో నడపాలి. దానికి ముగ్గురు కావాలి. మూడో మనిషి సెలవు మీద భూమికి వెళ్లాడు. ఆగ్నెస్ నన్ను పక్క కిటికీ దగ్గర నిలబెట్టి కాళ్లు పట్టీలో బిగించారు. వాళ్ల పద్ధతి అక్కడే చెప్పారు. ఆమెకు ఆమె గురువు నేర్పింది, ఆయనకు ఆయన గురువు. నడిపే మనిషి కిటికీలోంచి చూడకూడదు. చెప్పే మనిషి మీటల మీద చెయ్యి వేయకూడదు. చెప్పింది తిరిగి పలికాకే కదపాలి. చెప్పే మనిషి "వదులు" అనేదాకా నడిపే మనిషి మీట వదలకూడదు.

"ఇంకోటి," అన్నారు ఆగ్నెస్. "కనపడిందే సెప్పు. అనుకున్నది సెప్పకు. దగ్గరికొచ్చేసింది, బాగుంది, పరవానేదు, ఇలాటియి వద్దు. ఎంత దూరం, ఏ పక్క. అంతే."

ఇలా రాయమని నాకు ఇంతవరకు ఏ సంపాదకుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే అతని దగ్గరే ఉండిపోయేవాణ్ణి.

నీలవేణి మీటల ముందు కూర్చుంది, కిటికీకి వీపు పెట్టి. తమ్ముడి బండి ఆమెకు కనబడదు. పై కిటికీ దగ్గర ఆగ్నెస్.

"మూడు మీటర్లు ముందుకి," అన్నారు ఆగ్నెస్.

"మూడు మీటర్లు ముందుకి," అంది నీలవేణి. చెయ్యి కదిలింది.

అలా సాగింది. ఆగ్నెస్ పైనుంచి చూసి ముందుకూ వెనక్కూ చెప్పారు, నేను పక్కనుంచి చూసి పైకీ కిందికీ చెప్పాను. నీలవేణి ప్రతిదీ తిరిగి పలికింది. గొంతులో తేడా లేదు. వంటింట్లో సామాన్లు చదివి వినిపిస్తున్నట్టుంది.

చెయ్యికీ పిడికీ మధ్య మీటరున్నర ఉండగా పిడి నా వైపు నుంచి జారిపోవడం మొదలైంది. జారుతోంది అనబోయి ఆగాను. ఏం కనబడుతోందో చూశాను.

"పిడి సగమే కనబడుతోంది. ముందు మొత్తం కనబడింది."

"బండి తిరుగుతోంది," అన్నారు ఆగ్నెస్. "నీలా, ఆగు."

"ఆగాను."

ఆగ్నెస్ రేడియోలో దాలినాయుణ్ణి పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. లేదు. నీలవేణి తల తిప్పలేదు. మీట మీద ఆమె చెయ్యి ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఆమె నోరు తెరిచి పేరు పెట్టి పిలుస్తుందేమో అనుకున్నాను. పిలవలేదు. పట్టు పడేదాకా మీట పట్టుకున్న మనిషి తిరిగి పలకడం తప్ప వేరే మాట అనకూడదు.

"ఒరే దాలినాయుడూ," అన్నారు ఆగ్నెస్. "మీ యక్క సెయ్యి సాపుకుని కూకుంది. నువ్వు బండి తిప్పుకుంటా నిద్దరోతన్నావేటి? సిగ్గు నేదా నీకు? ఎడం పక్క మీట నొక్కు. నొక్కరా."

రేడియోలో ఊపిరి శబ్దం వినిపించింది. తర్వాత, ముద్దముద్దగా: "నిద్దరోనేదు డాట్రమ్మా. కళ్లు మూసుకున్నాను."

"తెరువు. ఎడం పక్క మీట."

బండి పక్కన చిన్న తెల్లటి ఆవిరి కనిపించింది. పిడి నా వైపు రావడం మొదలైంది.

"ముప్పావు కనబడుతోంది," అన్నాను. "మొత్తం. ఆగింది."

"మీటరు ముందుకి," అన్నారు ఆగ్నెస్.

"మీటరు ముందుకి."

"ఒక జానెడు పైకి," అన్నాను. మీటర్లలో చెప్పాలని అప్పుడు గుర్తు రాలేదు.

"జానెడు పైకి," అంది నీలవేణి. ఎవరి జాన అని అడగలేదు. సరిగ్గా అంతే కదిపింది.

"అర మీటరు ముందుకి."

"అర మీటరు ముందుకి."

"వేళ్ల మధ్యలో ఉంది," అన్నాను.

"మూయి," అన్నారు ఆగ్నెస్.

"మూశాను."

నమోదు 7

బండిని తలుపుకు తగిలించడానికి మరికొంత సేపు పట్టింది. తగిలాక గాలి సమానం కావాలి. ఆగ్నెస్ అప్పటికే ప్రాణవాయువు సీసా చంకన పెట్టుకుని తలుపు దగ్గర తేలుతున్నారు. తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాను. శశిధర్ కూడా అటే వెళ్లారు. నేనూ వెళ్లాను, వార్త అక్కడుంది కాబట్టి.

దాలినాయుడి ముఖం బూడిద రంగులో ఉంది. ఆగ్నెస్ ముసుగు పెట్టి, వేళ్ల కొనలు చూసి, పేరు అడిగారు. చెప్పాడు. ఊరు అడిగారు. చెప్పాడు. ఈ కూడలి పేరు అడిగారు. దానికి ముందు ఒక బూతుమాట చేర్చి చెప్పాడు. తర్వాత ఆగకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు.

భూమి నుంచి మండలి సందేశం వచ్చిందని శశిధర్ చేతిలోని పలక మోగుతూనే ఉంది. ఆయన తెరవలేదు.

ఇంతసేపూ నీలవేణి రాలేదన్న సంగతి అప్పుడు గమనించాను. వెనక్కి వెళ్లి చూశాను. ఆమె మీటల ముందే కూర్చుని ఉంది. వేళ్లు మీట చుట్టూ బిగిసి తెల్లబడ్డాయి. కిటికీ అవతల చెయ్యి బండిని పట్టుకునే ఉంది. ఆగ్నెస్ సీసా కోసం వెళ్లే తొందరలో "వదులు" అనలేదు. తమ్ముడు గోడకవతల పది అడుగుల దూరంలో ఉన్నాడు. అయినా ఆమె కదల్లేదు. తల కూడా తిప్పలేదు.

"బాబుగారూ," అంది. "ఏటయింది?"

కంగారు పడకండి, అంతా బాగుంది అనే మాట నాలుక దాకా వచ్చింది. దాన్ని పక్కన పెట్టాను.

"తలుపు తెరుచుకుంది. డాక్టరు గారు అతని పక్కన ఉన్నారు. ముసుగు పెట్టారు. తన పేరు చెప్పాడు. ఊరు పేరు చెప్పాడు. కళ్లు తెరిచే ఉన్నాయి."

"కళ్లు తెరిచే ఉన్నాయి," అంది నీలవేణి. పద్ధతి ప్రకారం తిరిగి పలికింది. "ఇప్పుడేటి సేస్తన్నాడు?"

"తిడుతున్నాడు."

"ఎవుల్ని?"

"మండలిని, శశిధర్ గారిని, ఆ ఆకులు అంటించిన రోబోని. నేను వచ్చేటప్పటికి మీ దాకా రాలేదు."

ఆమె మీట వైపు చూస్తోంది. అప్పుడు అర్థమైంది, ఆమె దేనికోసం ఆగిందో. పక్క కిటికీ దగ్గర చెప్పిన మనిషిని నేనే. చెప్పే హక్కు ఉంది.

"వదులు," అన్నాను.

"వదిలాను," అంది నీలవేణి.